పక్క చోటుకు వేసిన కుర్చీ

జూలై ఆఖరి సాయంత్రం కారు పైన్ తోపులో ఆగీ ఆగకముందే బొనారియా దిగిపోయింది. డేరా సంగతి, ఫ్రిజ్ సంగతి, వంటపొయ్యి సంగతి అన్నీ తర్వాత. ముందు కారు మీద కట్టిన సామానులోంచి తెల్ల ప్లాస్టిక్ కుర్చీని లాగింది. తమ చోటు పక్కనున్న ఖాళీ చోటికి మోసుకెళ్ళి, సరిగ్గా నడుమ, సముద్రం వైపు తిప్పి వేసింది. ఎండుటాకులు కాలితో పక్కకు నెట్టి, కుర్చీ కాళ్ళు ఇసుకలోకి దిగేదాకా రెండు చేతులతో నొక్కింది.

"ఇక్కడ ఫ్రిజ్ దింపలేక నా నడుం విరుగుతోంది. నువ్వేమో గాలికి కుర్చీ వేసి మర్యాద చేస్తున్నావు" అన్నాడు ప్రియామో. ఆమె మొగుడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. చెయ్యి పని చేసినా చెయ్యకపోయినా నోరు మాత్రం పని చేస్తూనే ఉంటుంది.

"నీ నడుం ఇంటి దగ్గరే విరిగింది. ఆ నెపం సముద్రం మీద పెట్టకు" అంది బొనారియా.

ఆ తోపులో కుర్చీ అంటే కుర్చీ కాదు, మాట. శాన్ గావీనో ఊరివాళ్ళు సగానికి సగం ఆగస్టు నెల వచ్చిందంటే ఇళ్ళకు తాళాలేసి, గోడలు తప్ప మిగతావన్నీ కార్లకెక్కించి, ఇసుక దిబ్బల వెనకున్న ఈ పైన్ చెట్ల కిందికి వచ్చేస్తారు. ఎవరి చోటు వాళ్ళది. తాత వేసిన చోటే మనవడు వేస్తాడు. ముందు రోజు సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి కుర్చీ వేసి పోతే చాలు, ఆ చోటుకి మనిషున్నట్టే లెక్క. ఇటలీ దీవి ఈ సార్డీనియాలో పక్కవాడి గొర్రెను తోలుకుపోయినవాడు కూడా పక్కవాడి కుర్చీని కదపడని ఒక సామెత ఉంది. అందులో గొర్రెల సంగతి అందరికీ తెలిసిందే. కుర్చీల సంగతి అంతకన్నా నిజం.

బొనారియా వేసిన కుర్చీ ఆమె చెల్లెలు గ్రెకా కోసం.

ఆ రెండు చోట్లూ వాళ్ళ నాన్న నాటివి. పెళ్ళిళ్ళయ్యాక అక్క ఒకవైపు, చెల్లెలు ఒకవైపు డేరా వేసుకునేవాళ్ళు. నడుమ ఒకే పందిరి, ఒకే పొయ్యి. పందిరి కింద జమ్ముతో అల్లిన పొట్టి కుర్చీలో వాళ్ళమ్మ కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని మల్లొరెద్దుస్ చేసేది. గోధుమపిండి ముద్దని బొటనవేలితో నొక్కి తిప్పితే గీతలు పడ్డ గవ్వలా చుట్టుకునే పిండిముక్కలవి. నెలంతా అమ్మ బొటనవేలు ఆగేది కాదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అక్కాచెల్లెళ్ళు రోజుకి మూడుసార్లు పోట్లాడుకునేవాళ్ళు, మూడుసార్లూ ఒకే కుండలోంచి తినేవాళ్ళు.

అమ్మ పోయాక వచ్చిన మొదటి ఆగస్టులో, నెల నడుమ మేరీమాత పండుగనాడు, తోపంతా ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తున్నప్పుడు గ్రెకా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అక్కా, కుంకుమపువ్వు తగ్గింది. అమ్మది ఇలా ఉండేది కాదు" అంది. అంతే, అందులో విషమేమీ లేదు. కానీ కుంకుమపువ్వు పండించే ఊళ్ళో పుట్టిన మనిషితో కుంకుమపువ్వు తగ్గిందనడం చిన్న మాట కాదు. పైగా బొనారియా ఆ ముందు చలికాలమంతా అమ్మ మంచం పక్కనే గడిపింది, ఇంకా తేరుకోలేదు. "అమ్మ మంచాన పడితే కాల్యరీ పట్నంనుంచి ఒక్కపూట రాలేనిదానివి, అమ్మ రుచి గురించి నువ్వు చెప్తున్నావా" అనేసింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ చేతుల్లో ఫోర్కులు ఆగిపోయాయి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. గ్రెకా పళ్ళెం పక్కకు నెట్టి లేచింది. ఆ సాయంత్రమే డేరా మడిచింది. బస్సు నడిపే ఆమె మొగుడు సిల్వేరియో మేకులు పీకుతూ పీకుతూ బొనారియా వైపు చూశాడు, ఎవరైనా ఆపుతారేమోనని. ఎవరూ ఆపలేదు.

అది జరిగి ఐదేళ్ళు. ఈమధ్యలో బంధువుల చావులకు రెండుసార్లు కలిశారు. చెంపకు చెంప ఆనించి ముద్దు పెట్టుకున్నారు, పోయినవాళ్ళ గురించి రెండు మంచి మాటలన్నారు, ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఫోన్ చెయ్యమని ప్రియామో చెవిలో జోరీగలా పోరేవాడు. "డేరా మడిచింది తను. విప్పాల్సింది కూడా తనే" అనేది బొనారియా. అలా అని ఊరుకుందా అంటే అదీ లేదు. ఏటా కుర్చీ వేసేది. చోటు నీదే, వచ్చి కూర్చో అని కుర్చీ చేత చెప్పించేది. నెలాఖరున దాన్ని పైకెత్తి ఇసుక దులిపి మళ్ళీ కారెక్కించేది.

ఈ ఏడు ఇంకో చిక్కు వచ్చిపడింది. అవతలి డేరా విటాలియా పిన్ని, ఎనభై దాటిన మనిషి, చెవులు తప్ప అన్నీ అరిగిపోయిన మనిషి, ఆ సాయంత్రమే చల్లగా చెప్పింది.

"తోపుకి కొత్త మేనేజరు వచ్చాడు, విన్నావా? ఇవానో అట. రేపు మధ్యాహ్నానికి డేరా లేని చోటల్లా తీసేసుకుని చెక్క గదులు కట్టిస్తాడట. జర్మనీవాళ్ళకి."

"కుర్చీ ఉంది కదా."

"కుర్చీ జర్మనీవాళ్ళకి ఆనదు, తల్లీ. నాకూ ఆనడం లేదిప్పుడు. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూసి పోదామని నాలుగేళ్ళుగా బతుకుతున్నాను. త్వరగా తెమల్చండి."

బొనారియా పైకి నవ్వింది. రేపు గ్రెకా రాకపోతే నాన్న చోటులో సగం ఇక లేనట్టే. చోటు పోతే ఇక దేనికి రమ్మంటుంది చెల్లెల్ని? రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేతిలోకి తీసుకుంది. ప్రియామో చూడనట్టు పక్కకు తిరిగాడు. చెల్లెలి పేరు వెతికింది, పేరు వంక చూసింది, ఫోన్ తలగడ కింద పెట్టేసింది. తన పంతం మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ పంతం వదిలితే తన దగ్గర ఇంకేం మిగులుతుందో ఆమెకు తెలియలేదు.

తెల్లవారి కాఫీకి నీళ్ళు పెట్టడానికి బయటికొచ్చి చూస్తే, పక్క చోట్లో కుర్చీ లేదు.

ఇసుకలో నాలుగు గుంటలు మాత్రం ఉన్నాయి. చుట్టూ చూస్తే తోపులో ఖాళీ చోట్లలో ఇంకెవరి కుర్చీలూ లేవు. జనం డేరాల్లోంచి ఒక్కొక్కరే జుట్లు రేగి, చెప్పులు లేకుండా బయటికొస్తున్నారు. తెల్లారకముందే మేనేజరు మనుషులు వచ్చి, మనిషి లేని కుర్చీలన్నీ బండికెత్తుకుని గేటు దగ్గర కుప్ప పోశారని తెలిసింది. ఈ కాలపు పద్ధతట. చోటు పట్టడానికి వస్తువులు వదలకూడదట.

"కాఫీ తాగి వెళ్ళు" అన్నాడు ప్రియామో.

"వచ్చి తాగుతాను."

"నేను రానా?"

"నువ్వొస్తే అక్కడ కబుర్లలో పడతావు. డేరా తాళ్ళు బిగించు. వాయవ్యపు గాలి లేచేట్టుంది."

గేటు దగ్గర పాతిక మందిదాకా పోగయ్యారు. కుర్చీల కుప్ప చుట్టూ ఒక్కొక్కరూ తమది వెతుక్కుంటూ, దొరికినవాడు దొరికిందని, దొరకనివాడు పోయిందని అరుస్తున్నారు. ఇవానో కుర్రవాడేం కాదు, నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, మెడలో ఈల. ఈ ఊళ్ళవాళ్ళతో వేగడం అతనికి మొదటిసారని ఆ చొక్కా చూస్తేనే తెలుస్తోంది.

"అమ్మా, ఎవరి కుర్చీ వాళ్ళు తీసుకెళ్ళొచ్చు. కానీ అది మీదేనని నాకెలా తెలుస్తుంది? అన్నీ తెల్లవే."

"కూర్చునే చోట సిగరెట్టుతో కాలిన మచ్చ ఉంటుంది. మా ఆయన ప్రతాపం."

"ఈ కుప్పలో అలాంటివి ఆరున్నాయి."

"మచ్చ పక్కన ఇంకో మచ్చ. ఆయన ఏదీ ఒకసారి చేసి నేర్చుకోడు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఇవానో నవ్వలేదు. "మీ డేరా ఉందిగా, మీరు ఇంకో చోట కుర్చీ ఎందుకు వేశారు? ఆ చోట ఎవరుంటారు?"

"నా చెల్లెలు."

"ఎప్పుడొస్తారు?"

జవాబు లేనప్పుడు బొనారియాకు కోపం వస్తుంది. "వస్తుంది. నువ్వు పుట్టకముందునుంచీ వస్తోంది. ఆ చోట మా నాన్న మేకులు కొట్టాడు. నా కుర్చీ నాకిచ్చి నీ ఈల నువ్వూదుకో" అంది. అలా అంటున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూశాడో ఏమో, ఇవానో తనే కుప్పలోకి దిగి ఒక్కో కుర్చీ తిరగేశాడు. జంట మచ్చల కుర్చీ అడుగున దొరికింది. దాన్ని లాగుతుంటే పైవి దొర్లి అతని ఇస్త్రీ చొక్కాకి దుమ్ము కొట్టుకుంది. "మధ్యాహ్నం వరకే, అమ్మా. డేరా ఉండాలి. నా చేతుల్లో లేదు" అన్నాడు, కాస్త మెత్తగానే.

కుర్చీని బోర్లించి నెత్తిన పెట్టుకుని వెనక్కి బయల్దేరింది. ఇసుక బాటలో నడక ఆమెకీ తెలుసు, మోకాళ్ళకీ తెలుసు. ఎండ ముదిరింది, పైన్ జిగురు వాసన ముక్కుకెక్కుతోంది, కీచురాళ్ళు చెవులు తినేస్తున్నాయి. వెళ్ళగానే కుర్చీ వేసి, తనే అందులో కూర్చుంటుంది. మధ్యాహ్నం కాదు, రాత్రిదాకా కూర్చుంటుంది. చెక్క గది కట్టేవాళ్ళు తన చుట్టూ కట్టుకోవాలి. దారిపొడవునా ఇదే అనుకుంది.

కుళాయి మలుపు తిరిగేసరికి పక్క చోట్లో కారు కనపడింది. డిక్కీ తెరిచి ఉంది. నారింజరంగు గుడ్డ ఏదో నేలమీద పరుస్తున్నారు. ఒక ఆడమనిషి వంగి, వీపు ఇటు తిప్పి, మేకు మీద రాయితో కొడుతోంది.

కుర్చీ తీసి అరపూట కాలేదు, అప్పుడే రాబందులు వాలాయి. "ఏయ్, ఎవరక్కడ? ఆ చోటుకి మనుషులున్నారు. లేచి అవతలికి పొండి. సిగ్గు లేకపోతే సరి, కళ్ళు కూడా లేవా?" అని బొనారియా దూరం నుంచే అందుకుంది. నెత్తిమీది కుర్చీ ముందుకు జారి ముఖానికి అడ్డం పడింది. దాన్ని వెనక్కి నెట్టుకునేసరికి ఆ మనిషి లేచి ఇటు తిరిగింది.

గ్రెకా.

జుట్టు సగం నెరిసింది. ఒళ్ళు చేసింది. చేతిలో రాయి అలాగే ఉంది. ఆ నారింజరంగు గుడ్డ నాన్న కొన్న పాత డేరా. వెలిసిపోయింది గానీ అదే. కారు అవతల సిల్వేరియో, ప్రియామో ఇద్దరూ తలో తాడు చివర పట్టుకుని నిలబడ్డారు. విటాలియా పిన్ని తన పందిరి కింద కుర్చీ ఇటు తిప్పుకుంది.

"ఉన్నారా?" అంది గ్రెకా. ముఖం పాలిపోయింది. "ఈ చోటుకి మనుషులున్నారా, అక్కా? బావ ఏమీ చెప్పలేదే. ఖాళీగా ఉందనుకున్నాను. ఉంటే చెప్పు, పోతాం. ఇంకా రెండు మేకులే కొట్టాను."

"ఎవరు చెప్పారు నీకు పొమ్మని?"

"నువ్వే కదా ఇప్పుడు. తోపంతా విన్నది."

"నిన్ననుకోలేదు" అంది బొనారియా. నెత్తిమీది కుర్చీ దించింది.

గ్రెకా చూపు కుర్చీ మీద పడింది. మొదట కాళ్ళు చూసింది, తర్వాత జంట మచ్చలు చూసింది. రాయి కింద పెట్టేసింది.

"ఆ కుర్చీ నీదా?"

"నాది కాక ఎవరిది? ఏటా ఇక్కడ వేసేది ఇదేగా."

"నువ్వు వేశావా? ఎవరికోసం?"

"ఎవరికోసమా? ఎవరికోసమేమిటే, పిచ్చి మొహమా? నీకోసం."

గ్రెకా డిక్కీ అంచు మీద కూలబడింది. తర్వాత తనకి తాను చెప్పుకున్నట్టుగా మెల్లిగా చెప్పింది. "ఏటా వచ్చాను. మొదటి తారీఖు పొద్దున. డేరా కారులో పెట్టుకునే వచ్చేవాళ్ళం. ఆ కుళాయి దాకా నడిచి చూసేదాన్ని, కుర్చీ ఉండేది. నీ డేరా పక్కన, నీ కళ్ళెదురుగా, నువ్వు ఒప్పుకోకుండా ఎవరు వేస్తారు? మీ ఆడపడుచుకి ఇచ్చేశావనుకున్నాను. సరే, అనాల్సింది అనిపించుకున్నాను, పోవాల్సింది పోయింది అనుకుని వెనక్కి తిరిగేదాన్ని. అవతలి కొండకొమ్ము దాటి, నీడ లేని చోట, ఊరూ పేరూ తెలియనివాళ్ళ మధ్య వేసుకునేవాళ్ళం. ఈయనని అడుగు."

సిల్వేరియో తలూపాడు. "నా వీపు అడిగినా చెప్తుంది. నాలుగేళ్ళు కాలింది" అన్నాడు.

"మరి ఇవాళ?" అంది బొనారియా.

"ఇవాళ కుర్చీ లేదు. ఈసారి అక్క చోటు ఎవరికీ ఇవ్వలేదు, అంటే రమ్మంటోంది అనుకున్నాను. నువ్వు గేటు దగ్గరున్నావని బావ చెప్పాడు, కుర్చీల గోల అన్నాడు. ఏ కుర్చీయో నేనడగలేదు. నువ్వొచ్చేలోపు రెండు మేకులైనా దిగితే ఇక పొమ్మనలేవని గబగబా కొడుతున్నాను."

బొనారియా కుర్చీని ఇంకా పట్టుకునే ఉంది. ఏటా ఎంత భద్రంగా నొక్కి పాతింది దాన్ని. రమ్మని పిలవడానికి వేసిన కుర్చీ చెల్లెల్ని కుళాయి దగ్గరే ఆపేసింది. ఈ తోపులో పుట్టి పెరిగినవాళ్ళు గనక ఆపేసింది. బయటివాడైతే కుర్చీని పక్కన పడేసి డేరా వేసుకునేవాడు. కుర్చీ ఉన్న చోట కాలు పెట్టకూడదని ఇద్దరికీ నేర్పింది ఒకే నాన్న.

ఆమె కుర్చీని అక్కడే వదిలేసి తన డేరాలోకి వెళ్ళింది. లోపల పెట్టెలు జరిపిన చప్పుడైంది. బయటికొచ్చేటప్పుడు ఆమె చేతిలో జమ్ముతో అల్లిన పొట్టి కుర్చీ ఉంది. తెచ్చి గ్రెకా ముందు పెట్టింది.

గ్రెకా దాన్ని చేత్తో తడిమింది. అల్లిక ఒకచోట తెగితే ఎర్రదారంతో కట్టి ఉంది. "అమ్మది" అంది. "ఇది ఇక్కడే ఉందా?"

"ఏటా తెస్తాను."

"మరి ఇది వేసి ఉంటే, అక్కా, మొదటి ఏడే వచ్చి కూర్చునేదాన్ని కదా."

"ఎవరైనా ఎత్తుకుపోతారని భయమేసింది" అంది బొనారియా. "మంచిదని లోపల దాచుకున్నాను. పోయినా పరవాలేదని ఆ ప్లాస్టిక్‌ది బయట వేశాను." అంతవరకే చెప్పగలిగింది. తర్వాత ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, దాచుకోకుండా ఏడ్చింది. గ్రెకా లేచి ఆమె తలని తన భుజానికి ఆనించుకుంది.

"నువ్వన్నది నిజమే. నేను రాలేదు" అంది గ్రెకా. "అమ్మని అలా చూడ్డానికి భయపడ్డాను. రోజూ రేపు వెళ్దామనుకున్నాను. అమ్మ వెళ్ళిపోయింది."

"నిజమైతే మాత్రం అందరి ముందూ అంటారా? నా నోరు పడ."

"పడొద్దులే. మాకింకా ఎవరూ మధ్యాహ్నం భోజనం పెట్టలేదు" అంది గ్రెకా.

ప్రియామో గొంతు సవరించుకున్నాడు. "మరదలా, కన్నీళ్ళు అయిపోతే ఈ తాడు ఎవరైనా పట్టుకుంటారా? మధ్యాహ్నంలోగా డేరా నిలబడకపోతే మీ చోట్లో జర్మన్ పడుకుంటాడు."

డేరా నిలబడింది. గాలి లేచేసరికి పందిరి కూడా నిలబడింది. డేరా వేస్తున్నవాళ్ళ చేత పొయ్యి వెలిగించకూడదన్నది తోపు మర్యాద, ముందొచ్చినవాళ్ళే వండిపెట్టాలి. బొనారియా కుండ పెట్టింది. మల్లొరెద్దుస్ ఉడుకుతుంటే మాంసం ముక్కల పులుసు కలిపి, కుంకుమపువ్వు పొట్లం తీసి, అందరూ చూస్తుండగా చెల్లెలి చేతికిచ్చింది. గ్రెకా చిటికెడు వేసింది, అక్క ముఖం చూసింది, ఇంకో చిటికెడు వేసింది.

"ఎక్కువైంది" అంది బొనారియా.

"తిని చెప్పు."

తిన్నారు. విటాలియా పిన్ని పిలవకుండానే పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఎక్కువైంది నిజమే, అంతా పచ్చగా, కాస్త చేదుగా ఉంది. ఎవరూ పైకి అనలేదు. బొనారియా రెండోసారి పెట్టించుకుంది. అమ్మ కుర్చీలో గ్రెకా, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం ఎండ తగ్గాక బొనారియా ప్లాస్టిక్ కుర్చీని మళ్ళీ నెత్తిన పెట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. కుప్ప చాలావరకు కరిగిపోయింది. ఇవానో దుమ్ము చొక్కాతోనే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే మళ్ళీ తగువుకి వచ్చిందనుకుని లేచి నిలబడ్డాడు. బొనారియా కుర్చీని తెచ్చి, మిగిలిన కుర్చీల మీద బోర్లించింది.

"ఇది నాది కాదు, నాయనా. పొద్దున పొరపాటున తీసుకెళ్ళాను" అంది.

"జంట మచ్చలు..." అని ఏదో అనబోయాడు ఇవానో.

"తోపులో సగంమంది మొగుళ్ళు అలాంటివాళ్ళే" అని, అతను ఇంకేదైనా అడిగేలోపు ఆమె వెనుదిరిగింది. చెల్లెలు ఒక్కతే గిన్నెలు తోముతుంటుందని త్వరగా నడిచింది.